మా వీధి మగ్గాలు మూయించిన మనిషి

హిందూపురం నుంచి ధర్మవరం పోయే ప్యాసింజరు రైల్లో నేనెప్పుడూ కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరుచుకుంటాను. చదువుకోవడానికి కొంత, ఎవరూ పలకరించకుండా ఉండటానికి కొంత. హిందూపురంలో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతాను. సెలవు దొరికినప్పుడు ధర్మవరంలో మా ఇంటికి పోతాను.

మొన్న పెనుకొండలో రైలు ఆగినప్పుడు మా వీధి చివరింటి అక్క ఎక్కింది. కూతుర్ని చూసి వస్తోందట. పుస్తకం మూయక తప్పలేదు. చెనక్కాయల ధర గురించి, కూతురి అత్త గురించి చెప్పుకుంటూ వచ్చి, నీళ్ల సీసా మూత తిప్పుతూ, "మీ ఎదురింటి పెద్దనాయన పోయినాడు గదా మే. మీ ఇంట్లో చెప్పలేదా?" అంది.

చెప్పలేదు. బడిలో పరీక్షలు జరుగుతున్నాయని ఊరుకున్నారేమో.

ఆ రోజు పొద్దున కూడా ఆయన మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాడట. చెత్త ఎత్తేవాళ్లు రాకుండానే చెత్తకు దుడ్లు ఏంటికని గొడవ పెట్టుకుని, ఇంటికొచ్చి అన్నం తిని, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. పొద్దున గొడవ పడిన గుమాస్తానే సాయంత్రం పూలదండ తెచ్చాడట. "దండ పట్టుకోని వాకిట్లోనే నిలబన్యాడు మే ఆ యప్ప. లోపలికి రావాలంటే బయపడతాండాడు" అని అక్క నవ్వింది. వెంటనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కోట ఉన్న గుట్ట కిటికీలోంచి వెనక్కి పోతూ ఉంటే దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ నేను నిర్ఘాంతపోయేట్టు చేస్తూనే ఉన్నాడు. ఇప్పుడూ అదే పని చేశాడు.

ఆయన మాకు చుట్టం కాదు. మా వీధిలో మా నాయనకంటే పెద్ద మగవాళ్లంతా నాకు పెద్దనాయనలే. వీధంతా పట్టుచీరలు నేసే ఇండ్లు. ఆయన నేసిన అంచులకు షావుకార్లు వంక పెట్టేవాళ్లు కాదు. కానీ ఊరికి ఆయన తెలిసింది నేతవల్ల కాదు, పన్నులవల్ల. పన్ను అనే మాట ఎత్తేముందు భుజం మీది తువ్వాల తీసి, ఒకసారి గట్టిగా దులిపి, మళ్లీ వేసుకునేవాడు. ఆ దులపడం కనబడితే చాలు, ఎదురుగా ఉన్నవాళ్లు పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాళ్లు. వీధిలో కాలువ పనికి పార చప్పుడు వినిపిస్తే చీర మధ్యలో వదిలేసి వెళ్లి నిలబడేవాడు. పోయిన ఏడు కట్టిన గోడను ఈ ఏడు ఎందుకు పగలగొడుతున్నారో మేస్త్రీని అడిగేవాడు. మేస్త్రీకి తెలియదు. కంట్రాక్టరును అడిగేవాడు. కంట్రాక్టరు సిగరెట్టు ఇవ్వబోయేవాడు.

వాళ్ల పెరట్లో మున్సిపాలిటీ కొళాయి ఉండేది. నీళ్లు ఎప్పుడొస్తాయో దానికే తెలియదు. ఆయన ఇంటికి రాగానే చొక్కా విప్పి ఆ కొళాయికి తగిలించేవాడు. ఎవరైనా నవ్వితే, "నీళ్లకని ఏటేటా కడతాండా గదప్పా, దాంతో ఏదో ఒక పని చేయించుకోవాల గదా" అనేవాడు.

చదవడం ఆయనకు రాదు. సంతకం మాత్రం పెట్టేవాడు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఎవరో చెప్పారట. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆయన అర్జీలన్నీ నాచేత రాయించాడు. మనుషుల ముందు నోరు విప్పడానికే వణికే దాన్ని నేను. నా చేత కమిషనరుకు ఇట్లాంటి మాటలు రాయమనేవాడు: "మీ కండ్లకు మా వీధి కనబడతాందా లేదా? కనబడకపోతే ఒకసారి వచ్చి మా కాలవలో కాలు పెట్టిపోండి." నేను దాన్ని గ్రంథాలయం పుస్తకాల భాషలోకి మార్చి, 'తమరు దయయుంచి ఒకపరి మా వీధిని దర్శింపవలెనని ప్రార్థన' అని రాసేదాన్ని. చదివి వినిపించమనేవాడు. తల ఊపుతూ చివరిదాకా విని, "శానా బాగుండాది. నా కోపం యాడ పోయింది పాపా?" అని అడిగేవాడు. నేను 'మిక్కిలి బాధతో' అని ఒక మాట చేర్చేదాన్ని. బాధ ఎవరికి కావాలంటూ సంతకం పెట్టేవాడు.

ఆఫీసు పక్కనే గ్రంథాలయం. అర్జీ ఇచ్చి వస్తూ నా పుస్తకాలు మార్చుకొచ్చేవాడు. ఇంటి పన్నులో గ్రంథాలయానికని కొంత తీసుకుంటారని ఆయనకు ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి లావు పుస్తకాలు తేవడం మొదలుపెట్టాడు. "నాకు చదవను రాదు. నా వాటా కూడా నువ్వే చదువు పాపా, వాళ్లకు మిగలబెట్టొద్దు" అన్నాడు. నేను చదువుకున్న పుస్తకాలు సగం ఆయన పన్ను మీద చదివినవే.

ఇక ఆ ఫౌంటెన్ సంగతి. కూడలిలో పాతబావి పూడ్చి ఫౌంటెన్ కట్టారు. నాలుగు సిమెంటు కొంగలు, వాటి ముక్కుల్లోంచి నీళ్లు. దాన్ని తెరిచిన రోజు ఎండాకాలం. మా వీధికి నీళ్లొచ్చి చాలా రోజులైంది. ట్యాంకరు తెచ్చి ఫౌంటెన్ నింపారు. షామియానా, మైకు, దండలు, అన్నీ ఉన్నాయి. మా బడిపిల్లల్ని పాట పాడటానికి నిలబెట్టారు. నేను వెనక వరసలో పెదవులు మాత్రం కదుపుతున్నాను. పెద్దమనిషి ఒకాయన మీట నొక్కాడు. కొంగలు నీళ్లు కక్కాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలోంచి పెద్దనాయన రెండు బిందెలతో నడుచుకుంటూ వచ్చి, తొట్టిగట్టు ఎక్కి, ఒక బిందెను కొంగ ముక్కు కింద పెట్టాడు.

పాట ఆగిపోయింది. పోలీసు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పెద్దనాయన ఆ చేతిని విదిలించుకోలేదు. రెండో చేత్తో జేబులోంచి నీటి పన్ను రసీదు తీసి చూపించి, "పన్ను కట్టినోడినప్పా నేను. మా వీధికి రావాల్సిన నీళ్లు దోవ తప్పి ఈడికొచ్చినాయి. ఇంటికి తోలకపోతాండా" అన్నాడు, తప్పిపోయిన దూడ గురించి చెప్పినట్టు. రెండు బిందెలూ నిండేదాకా గట్టు దిగలేదు. బిందెలు ఎత్తుకుని పోతూ నా ముందు ఆగి, "బాగా పాడినావు పాపా" అన్నాడు. ఆ రోజు డైరీలో నేను ఏమీ రాయలేకపోయాను. తేదీ మాత్రం వేసి ఉంది.

ఇట్లాంటి మనిషి చెప్పిన మాట కాబట్టే, అది తప్పైనా మా వీధి అంత సులువుగా నమ్మింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఉదయం ఆటోకు మైకు కట్టుకుని వచ్చారు. ఇండ్లన్నీ కొత్తగా కొలుస్తారనీ, ఇంట్లో వ్యాపారం జరిగే గదులకు వ్యాపార రేటున పన్ను పడుతుందనీ చెప్పి పోయారు. పెద్దనాయన వీధి మధ్యకు వచ్చి తువ్వాల దులిపాడు. మా ఇండ్లలో ముందుగదిలోనే మగ్గం ఉంటుంది. నేలలో గుంత, నేసేవాళ్లు గట్టున కూర్చుని కాళ్లు ఆ గుంతలోకి దించుతారు. ఇంటికి అదే పెద్ద గది. "నేసేది ఏంటికి? అమ్మేదానికే గదా. అది యాపారం కాకుండా ఇంకేమైతాది?" అన్నాడు. ఆఫీసుకు పోయి అడుగుదామని మా నాయన మెల్లగా అన్నాడు. ఊరికే ప్రతిదానికీ ఆఫీసుకు పోయే పెద్దనాయన ఆ ఒక్కదానికి వద్దన్నాడు. అడిగితే వాళ్లకు మనమే గుర్తు చేసినట్టవుతుందన్నాడు.

మర్నాటికి వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు లేని పగలు లేదు. బడి నుంచి వస్తూ వీధి మొదట్లో నిలబడిపోయాను, ఎవరో చచ్చిపోయారనుకుని. ప్రతి ఇంట్లో మగ్గం విప్పి కట్టెలు అటకెక్కించారు. సగం నేసిన చీరలు పడుగుతో సహా చుట్టి దాచారు. గుంతల మీద బండలు పరిచి, పైన చాపలు వేశారు. పెద్దనాయన ఇంటింటికీ తిరిగి చూశాడు. "చాప చాలదప్పా. మంచం వెయ్యి. మంచం మీద మీ యమ్మను పండబెట్టు. ముసలామెను లేయమని ఎవడూ అడగడు" అని చెప్పాడు. ఆ రోజు మా వీధిలో ముసలివాళ్లందరికీ జ్వరమొచ్చింది.

మా అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. మా మగ్గం మీద చీర సగంలో ఉంది. పడుగు మగ్గం మీదుండగా గుంత మూయకూడదని అవ్వ అత్తగారి నాటి నుంచీ మా ఇంట్లో కట్టుబాటు. చీర దిగాక మూస్తానంది. చీర దిగేదాకా కొలత టేపు ఆగుతుందా చిన్నమ్మా అని పెద్దనాయన అడిగాడు. మా ఒక్క ఇంట్లో మగ్గం కనబడితే మిగతా ఇండ్లూ వెతుకుతారన్నాడు. వెతికితే వెతకనీ అంది అవ్వ. మాటా మాటా పెరిగింది. ఆయన మా గడప దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏండ్ల తరబడి అవ్వతో మాట్లాడలేదు. అర్జీలు మాత్రం మానలేదు. వీధిలో మా కిటికీ అవతల నిలబడి చెప్పేవాడు, నేను ఇవతల కూర్చుని రాసేదాన్ని. నా పక్కనే అవ్వ ఉన్నా లేనట్టే చెప్పేవాడు. అవ్వ కూడా, గాలికి చెప్పినట్టు, "కొంచెం గట్టిగా చెప్పమను, పిల్లకు ఇనబడలేదు" అనేది.

కొలిచేవాళ్లు వచ్చారు. మంచాల మీది ముసలివాళ్లను చూసి చెప్పులు విప్పి మరీ మెల్లగా కొలిచి పోయారు. మా ఇంట్లో నాయన గుంతలో కూర్చుని నేస్తూనే ఉన్నాడు. టేపు పట్టుకున్న కుర్రవాడు లేవొద్దులే అన్నా అని చుట్టూ కొలిచి, ఏదో రాసుకున్నాడు. వాళ్లు వీధి దాటి కొన్నాళ్లయ్యాక బండలు తీశారు, మగ్గాలు మళ్లీ ఎక్కాయి.

ఏడాది తిరిగేసరికి అందరికీ ఇంటి పన్ను పెరిగింది. చూశారా, మూసినా ఇంత వేశారు, మూయకపోయుంటే ఎంత వేసేవాళ్లో అన్నాడు పెద్దనాయన. మాకూ పెరిగింది. మగ్గం దాచనందుకే అనుకుని అవ్వ నోరెత్తకుండా కట్టింది. ఆయన మా పన్ను ఎంతని అడగలేదు. అవ్వ చెప్పలేదు. అడిగి ఉంటే, మా రసీదూ ఆయన రసీదూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి ఉంటే, అంతా అప్పుడే తెలిసిపోయేది.

నా డిగ్రీ అయ్యేనాటికి పెద్దమ్మ, అంటే ఆయన భార్య, చూపు బాగా తగ్గింది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలకు పట్టు దారం చుట్టడం ఆమె పని. ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేసే పని అది. మగ్గం మీద కూర్చునే మగవాళ్లు దాని జోలికి పోరు. చూపు లేకపోయినా చేతి వాటంతో చుడుతున్నానని ఆమె అందరికీ గొప్పగా చెప్పేది. బెంగుళూరులో ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. దానికి తగిన స్తోమత వాళ్లకు లేదు. అప్పుడే నేతవాళ్లకు గుర్తింపు కార్డులు ఇస్తారని, కార్డు ఉంటే పెద్దాసుపత్రిలో ఖర్చు ఉండదని కబురు వచ్చింది. "ఇన్నేండ్లు నేనిచ్చినాను. ఒకసారి వాళ్ల దగ్గర తీసుకుంటే ఏం తప్పు?" అని పెద్దనాయన నన్నే అడిగాడు. ఆయనకు ఆ మాట అనడం కష్టంగా ఉందని నాకు తెలిసింది.

ఆఫీసు గోడకు పేర్లు అంటించారు. చదవడానికి నన్ను తీసుకుపోయాడు. మా వీధి పేరు కింద మా ఇల్లు ఒక్కటే ఉంది. నేను మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒక్కటే.

లోపల గుమాస్తా నిదానంగా చెప్పాడు. ఇండ్లు కొలిచినప్పుడు మగ్గం ఉన్నట్టు రాసిన ఇండ్లకే కార్డులు. మా ఇంట్లో మగ్గం ఉంది, ఇప్పుడే వచ్చి చూడమన్నాడు పెద్దనాయన. ఇప్పుడు ఉంటే కుదరదు, అప్పుడు ఉండాలి, మళ్లీ కొలతలు ఎప్పుడు జరుగుతాయో తెలియదు అన్నాడు గుమాస్తా.

"అప్పుడూ ఉన్నింది. పన్ను పడతాదని మూసినాం" అన్నాడు పెద్దనాయన.

"ఏం పన్ను?"

"యాపారం పన్ను."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "చేతి మగ్గానికి ఆ పన్ను లేదు పెద్దాయనా. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అది అంగళ్లకు. మీకు ఎవరు చెప్పినారు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నేను పెద్దనాయన వెనక నిలబడి ఉన్నాను. ఆయన మెడ వెనక చెమట కారడం కనబడుతోంది.

"నేనే చెప్పినాను" అన్నాడు.

వీధిలోకి రాగానే ఇంటికి పోకుండా నడిమధ్య ఎండలో నిలబడి, ఒక్కొక్కరినీ పిలిచి, ఉన్నది ఉన్నట్టు తానే చెప్పాడు. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత నోళ్లు లేచాయి. "నీ తెలివి మా కొంపలు ముంచింది గదప్పా" అని ఒకాయన అన్నాడు. ఇంకొకామె తన బిడ్డ ఆసుపత్రి ఖర్చు గురించి చెప్పి ఏడ్చింది. ఆయన ప్రతి మాటకూ తల ఊపాడు, అర్జీ చదివి వినిపిస్తున్నట్టు. అప్పుడు మా అవ్వ గడపలోకి వచ్చింది.

"రేయ్, ఎండలో తిట్లు తినింది చాల్లే. లోపలికి రా" అంది. అన్నేండ్ల తర్వాత మొదటి మాట అది.

మగ్గం ఉన్నట్టు రాసిన ఇంటికి ఆఫీసరు వచ్చి, ఆ మగ్గానికి పనిచేసే వాళ్లందరినీ చూసి, వాళ్లకూ కార్డులు ఇస్తారట. నాయన ఆ సంగతి తెలుసుకొచ్చాడు. ఆఫీసరు వచ్చే రోజున వీధి వీధంతా మా ఇంట్లో ఉంది. ముందుగది నిండి, పెరడు నిండి, గుంత గట్టు మీద కూడా కూర్చున్నారు. అవ్వ ఒక్కొక్కరినీ చూపించింది. ఈమె పట్టు ఉడకబెడతాది. ఈ యప్ప రంగు అద్దుతాడు. ఈ యప్ప పడుగు అతుకుతాడు. ఈమె అంచుకు జరీ విడదీస్తాది. ఆఫీసరు వయసులో చిన్నవాడు. రాసి రాసి తలెత్తి, "ఒక్క మగ్గానికి ఇంతమందా అవ్వా?" అన్నాడు.

"పట్టుచీర నాయనా. ఊరికే అవుతాదా?" అంది అవ్వ.

ఆయన మా ఇంటి దూలాల వంక కాసేపు చూసి, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

అందరి తర్వాత పెద్దనాయన వంతు వచ్చింది. ఆయన తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ గోడవారగా చాప మీద కూర్చుని ఉంది. నేసేది నాయనని ముందే రాశారు, చెప్పడానికి మిగతా పనులన్నీ అయిపోయాయి. అవ్వ కొంచెం తడబడి, "ఈ యప్ప కండెలు చుడతాడు" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు కలం ఆపాడు. ఆ భుజాలు, ఆ వేళ్లు చూశాడు. ఇన్ని చెప్పినా ఊరుకున్నవాడు ఇక్కడ పట్టుకున్నాడు. "మగ్గం మీద కూర్చునే మనిషి మాదిరి ఉండారే. కండెలు చుడతారా? ఏదీ, చుట్టండి చూద్దాం" అన్నాడు.

దారం ఒక్కసారి తెగితే అయిపోయినట్టే. ఆయన పేరే కాదు, అంతవరకు రాసినవన్నీ కొట్టేస్తాడు. పెద్దనాయన పెద్దమ్మ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమెకు ఆ చూపు కనబడదు.

తర్వాత వచ్చి కండెలు చుట్టే మా రాట్నం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కొసను నాలుకతో తడిపి కండెకు అంటించి, చక్రం తిప్పాడు. దారం తెగలేదు. వణకలేదు. ఎడమ మణికట్టు లోపలికి వంచి, దారం పలచబడిన చోట నాలుకతో చిన్నగా టక్కుమనిపిస్తూ, కండెను నిండుగా, నున్నగా చుట్టుకుంటూ పోయాడు. ఆ మణికట్టు వంపూ, ఆ టక్కుమనడమూ అచ్చం పెద్దమ్మవే. నవ్విన ఆడవాళ్లు మెడలు ముందుకు చాచి చూస్తున్నారు. ఇది ఒక్కరోజులో వచ్చిన చెయ్యి కాదని అందరికీ తెలిసిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి చుడతాండారు?" అని ఆఫీసరు మెల్లగా అడిగాడు.

"ఈమెకు చూపు తగ్గినప్పటి నుంచి" అన్నాడు పెద్దనాయన, తల ఎత్తకుండా.

ఆఫీసరు ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. చాల్లే, లేవండి అన్నాడు. కార్డులు తర్వాత వచ్చాయి. పెద్దమ్మ కంటికి ఆపరేషనూ అయింది, చూపూ వచ్చింది. కానీ ఆ గదిలో ఆ క్షణాన వాటి గురించి ఎవరూ తలచలేదు. గోడవార నుంచి పెద్దమ్మ, రాట్నం చప్పుడు వినబడే వైపు ముఖం తిప్పింది.

"మరి నేను చుట్టిచ్చినవన్నీ ఏం చేసినావు?" అంది.

కండె ఎప్పుడో నిండిపోయింది. ఆయన చక్రం తిప్పుతూనే ఉన్నాడు.